అంజూరపు కొమ్మకు గోనెమూట

మా పెద్దమ్మ సుంకలమ్మకు ఎవరి చేతి పనీ నచ్చేది కాదు. నేను పూలు కడితే దారం వదులైందనేది. మా అమ్మ జొన్నరొట్టె తడితే అంచు మందమైందనేది. పెళ్ళి పందిట్లో వడ్డించేవాళ్ళను కూడా వదిలేది కాదు, పప్పు గరిటె పట్టుకున్నవాడిని పిలిచి గరిటె ఎట్లా పట్టుకోవాలో చూపించేది. ఆమె నోటి నుంచి 'బాగుంది' అన్న మాట రాబట్టాలని మేము చిన్నప్పుడు పందేలు వేసుకునేవాళ్ళం. ఎవరమూ గెలవలేదు.

ఈ గుణం ఆమెకు హుసేనమ్మ దగ్గర అబ్బిందని మా అమ్మ అంటుంది. హుసేనమ్మ బళ్ళారి కంటోన్మెంట్‌లో ఒక పాత బంగళా తోటమాలి భార్య. మాలి చనిపోయాక తోట పని తనే చూసుకునేది. మా అవ్వ ఆ బంగళాలో వాకిళ్ళు ఊడుస్తూ పెద్దకూతురు సుంకలమ్మను వెంట తీసుకుపోయేది. అవ్వ ఊడ్చినంతసేపూ సుంకలమ్మ హుసేనమ్మ వెనకాలే తిరుగుతూ తిట్లు తింటూ ఉండేది. ఆ తిట్లతోపాటే గూటీ కట్టడం నేర్చుకుంది.

గూటీ అంటే చెట్టు మీద ఉన్న కొమ్మకే వేర్లు పుట్టించడం. వేలెడు లావు కొమ్మను చూసుకుని, కత్తితో ఉంగరమంత మేర బెరడు చుట్టూ ఒలిచేస్తారు. అంజూరం పాల చెట్టు కాబట్టి కారే పాలు తుడిచి, ఒలిచిన చోటు ఆరనిస్తారు. తర్వాత పేడ, కొబ్బరిపీచు కలిపి పిసికిన మట్టిని అక్కడ ముద్దగా పెట్టి, పైన గోనెపట్ట చుట్టి, నారతో బిగించి కడతారు. మట్టి ఎండకుండా తడుపుతూ ఉంటే లోపల వేర్లు పుడతాయి. అప్పుడు మూటకు కింద కోసి, తీసుకెళ్ళి నాటుకోవచ్చు.

"కొమ్మ తల్లి మిందనే ఉంటాది. తల్లి నీళ్ళు తాగతానే తన యేర్లు తాను పెట్టుకుంటాది. అందుకే తొందరపడి కొయ్యొద్దే," అనేది హుసేనమ్మ. అంటూనే, "బెరడు తియ్యమంటే కట్టెను చెక్కుతాండావేందే, చేతులా అవి?" అని మోచేతి మీద ఒకటి అంటించేది.

సుంకలమ్మను కుడతిని పక్క ఊళ్ళో దురుగప్పకు ఇచ్చి చేశారు. పెళ్ళికి హుసేనమ్మ ఇచ్చిన కానుక ఒక అంజూరపు గూటీ. కొత్త పెళ్ళికూతురు దాన్ని ఒళ్ళో పెట్టుకుని ప్యాసింజరు రైల్లో కుడతినిలో దిగింది. అత్తగారింటివాళ్ళు పెట్టెలో ఏమి తెచ్చిందని చూడబోతే పెట్టే లేదు, ఒళ్ళో చెట్టుంది. ఆ మాట చెప్పుకుని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

తెచ్చిన మొక్కను నాటడానికి మాత్రం చోటు లేదు. దురుగప్ప గుడిసె వెనక అంతా గరుసునేల, చుక్క నీళ్ళు లేవు. దురుగప్పది సుబ్బరామి రెడ్డి తోటలో కపిల తోలే పని, అంటే ఎద్దులతో బావి నీళ్ళు తోడి కాలవకు పెట్టడం. రెడ్డిని అడిగితే, "నాటుకోండి. పండ్లు మాత్రం మా ఇంటికి రావల్ల," అన్నాడు. అట్లా మా పెద్దమ్మ పుట్టింటి చెట్టు రెడ్డి తోటలో, కాలవ గట్టున పెరిగింది.

పెరిగిందంటే మామూలుగా పెరగలేదు. ఆ నేల దానికి ఎంత నచ్చిందో, పండు పిడికిలంత కాసేది. రెడ్డి బుట్టలకెత్తి బళ్ళారిలో వకీళ్ళకు, ఆఫీసర్లకు పంపేవాడు. ఊళ్ళో అందరూ దాన్ని 'రెడ్డి అంజూరం' అనడం మొదలుపెట్టారు. ఆ పేరు విన్నప్పుడల్లా మా పెద్దమ్మ ఒళ్ళు మండేది. నీళ్ళు పెట్టేది ఆమె, ఎండుకొమ్మలు తీసేది ఆమె, పక్షుల్ని తోలేది ఆమె. పండ్లు కోసి రెడ్డి వంటింట్లో పెట్టి రావడమే ఆమెకు దక్కింది. చిలకలు పొడిచినవి తినమని ఇచ్చేవాళ్ళు. ఆమె తినేది కాదు, దూడలకు వేసేది.

తన పెరట్లో ఒక అంజూరం ఉండాలని ఆమె కోరిక. ఆమె జీవితంలో ఇంతకంటే పెద్ద కోరిక నేనైతే చూడలేదు. కొమ్మలు విరిచి తెచ్చి గుడిసె వెనక గుచ్చింది. చిగుర్లు వేసేవి, వేరు పట్టేలోపల చెదలు తినేసేవి. వేర్లున్న మొక్క అయితే నిలుస్తుంది, కానీ గూటీ కట్టనివ్వడానికి సుబ్బరామి రెడ్డి ఒప్పుకోలేదు. "మా తోటలో చెట్టు ఇంగొకరి పెరట్లో యెందుకుండల్ల?" అన్నాడు. అది ఎవరి చెట్టో ఆయనకు గుర్తు చేసే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు, మా పెద్దమ్మకు కూడా.

సుబ్బరామి రెడ్డి పోయాడు. అప్పటికి బళ్ళారి జిల్లాను రెండుగా చేసి మమ్మల్ని మైసూరులో కలిపి కొన్నేళ్ళయింది. పైన సర్కార్లు జిల్లాను పంచుకుంటే కింద రెడ్డి కొడుకులు తోటను పంచుకున్నారు. పెద్దవాడు ఇంద్రసేన రెడ్డి, చిన్నవాడు కోదండరామి రెడ్డి. బావి వంతులవారీగా అన్నారు, కల్లం సగం సగం అన్నారు. చివరికి హద్దు తాడు లాగితే అది సరిగ్గా అంజూరం మొదలు మీదుగా పోయింది.

పెద్దమనుషులు ఒక ఏడు అన్న, ఒక ఏడు తమ్ముడు తినమన్నారు. మొదటి ఏడు ఎవరిదన్న దగ్గర జగడం వచ్చింది. తాడు జానెడు అటు జరపమన్నారు. ఎటు జరపాలన్న దగ్గర మళ్ళీ జగడం. కడకు అన్నదమ్ములిద్దరూ ఒక్క మాట మీదికి వచ్చారు, చెట్టు కొట్టేసి కట్టెలు పంచుకుందామని. పంచుకున్న వందల ఎకరాల్లో వాళ్ళు జగడం లేకుండా ఒప్పుకున్నది ఈ ఒక్క విషయమే. అంజూరపు కట్టె పొయ్యిలో పెడితే పొగ తప్ప మంట రాదు, ఆ సంగతి ఏ వంటింట్లో అడిగినా చెప్పేవాళ్ళు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఆ ఇద్దరినీ కలిపి నాలుగు అనాలనిపిస్తుంది.

ఈ కబురు తెలిసి మా పెద్దమ్మ ఆ రోజు కూడు తినలేదు. మర్నాడు ఇంద్రసేన రెడ్డిని అడిగింది. "కొట్టేసేదే కదే. కొట్టినాక నీకు ఎన్ని కొమ్మలు కావల్లో అన్ని తీసకపో," అన్నాడాయన, చాలా ఉదారంగా. కొట్టిన కొమ్మలు చెదలకే. ఎండాకాలం పోయి ముంగారు వానలు, అంటే తొలకరి, పడేముందు కొట్టిస్తారని ఆయన మాటల్లో తెలిసింది. అంత వ్యవధి ఉంటే వేర్లు వస్తాయి. ఈలోగా గుడిసె పక్కన సర్కారువాళ్ళు చేదబావి కూడా తవ్వించారు, నీళ్ళకు కొరత లేదు. ఆమె ఎవరినీ అడగకుండా మంచి కొమ్మలు చూసుకుని గూటీలు కట్టేసింది. తమ్ముడి వైపు నాలుగైదు, అన్న వైపు చేతికందే కొమ్మకు ఒకటి. ఎటూ పోయే చెట్టే కాబట్టి ఎవరూ అటు తలెత్తి చూడలేదు.

అదే రోజుల్లో ఇంద్రసేన రెడ్డి ఇంట్లో ఎనుము, అంటే గేదె, ఈనింది. ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. ఎనుము ఈనాక పడే మావిని గడ్డిలో చుట్టి, గోనెలో మూటగట్టి, పాలుగారే చెట్టుకు కడతారు. చెట్టు పాలలాగే ఎనుము పాలు కూడా తగ్గకుండా ఉంటాయని నమ్మకం. ఆ మూట దానంతట అది రాలేదాకా ఎవరూ ముట్టరు, ఆ చెట్టు మీద కత్తి పడనివ్వరు. రెడ్డి భార్య సుభద్రమ్మ ఆ మూట కట్టే పని పశువుల దగ్గర ఉండే హులిగెప్పకు చెప్పింది. హులిగెప్ప నిద్రకు పెట్టింది పేరు. ఆయన కునుకు తీసి లేచేసరికి కుక్కలు పని ముగించి పోయాయి. సుభద్రమ్మ వచ్చి యాడ కట్టినావప్పా అని అడిగితే, ఎదురుగా అంజూరం కొమ్మకు గోనెమూట ఒకటి కనబడింది. హులిగెప్ప చెయ్యెత్తి దాన్ని చూపించాడు.

వానల ముందు చేస్తామన్న పని ఉగాదికి ముందే వచ్చి పడింది. కోదండరామి రెడ్డికి ఆగేందుకు మనసొప్పలేదు. గొడ్డళ్ళవాళ్ళను పిలిపించి తన వైపు నుంచి మొదలుపెట్టించాడు. మా పెద్దమ్మ పరిగెత్తి పోయేసరికి ఆ వైపు కొమ్మలన్నీ నేల మీద ఉన్నాయి, వాటితో పాటు ఆమె మూటలు కూడా. ఒక మూట విప్పి చూసింది. బెరడు అంచున బియ్యపు నూకలంత తెల్లటి మొలకలు, అంతే. ఇంకొన్ని వారాలు ఉంటే వేర్లయ్యేవి. ఆమె ఆ మట్టిముద్దను చేతిలో పెట్టుకుని అట్లాగే కూలబడింది.

గొడ్డళ్ళు అన్న వైపు తిరిగేసరికి సుభద్రమ్మ ఇంట్లోంచి కొంగు బిగించుకుని వచ్చింది. రెడ్డి ఇల్లు తోట అంచునే ఉండేది.

"సాలు, నిలపండప్పా! గొడ్డలి దించండి! ఆ కొమ్మకు నా ఎనుము మావి కట్టిండాము, కండ్లు కనపడవా?"

ఇంద్రసేన రెడ్డి తెల్లబోయాడు. "కొట్టేసే చెట్టుకు కట్టమన్నోడు ఎవరు?"

హులిగెప్ప నేల చూపులు చూస్తూ, "నేనే రెడ్డీ. దగ్గర్లో పాల చెట్టు ఇదే కదా అని," అన్నాడు.

"మా వదిన ఎనుము కోసరం నేను చెట్టు నిలపల్లా?" అని తమ్ముడు ఎగిరాడు.

"నీ సగం కొట్టుకుంటివి కదప్పా కోదండరామీ," అంది సుభద్రమ్మ. "దినామూ మా ఇంటి నుంచి మీ ఇంటికి పోయే పెరుగు ఆ ఎనుముదే. అది ఎండిపోతే నీ పెండ్లాం నిన్ను అడుగుతాది, నన్ను కాదు."

కోదండరామి రెడ్డి వెనక్కి తగ్గాడు. మూట దానంతట అది రాలినాక మిగిలింది కొడదామని ఇంద్రసేన రెడ్డి తీర్మానించాడు. గొడ్డళ్ళవాళ్ళు వెళ్ళిపోయారు. మా పెద్దమ్మ ఆ మూటను చూస్తూ ఉండిపోయింది. దాన్ని కట్టింది ఆమె. ఆ నార ముడి ఆమెది. హులిగెప్ప ఆమె వైపు చూసి గబుక్కున తల తిప్పుకున్నాడు.

సాయంత్రం ఆయనే గుడిసెకు వచ్చాడు. "అక్కా, నీ కాళ్ళు మొక్కుతా. కుక్కలు తినిపోయినాయని చెప్తే రెడ్డి నన్ను ఊరు దాటిస్తాడు. నువ్వు నోరిప్పొద్దక్కా."

"పండుకోని పండుకోని నీ బుద్ధి కూడా పండుకునింది," అని మా పెద్దమ్మ ఆయన్ను మొదలుపెట్టి, ఎనుములకు కుడితి పెట్టడం దగ్గర నుంచి తలపాగా చుట్టుకోవడం దాకా అన్నీ కడిగేసింది. చివరికి, "నేను యేమీ చెప్పను, పో," అంది. చెప్పకపోవడంలో ఆమె లాభం కూడా ఉంది మరి. నిజం బయటపడితే మర్నాడే గొడ్డలి పడుతుంది. మిగిలిన సగం చెట్టు, దాని మీద మిగిలిన ఒకే ఒక గూటీ, రెండూ ఆ అబద్ధం మీదనే నిలబడి ఉన్నాయి.

ఎండలు ముదిరాయి. మట్టి తడపకపోతే వేర్లు రావు. దినమూ ముంతతో నీళ్ళు తెచ్చి మూట మీద పోస్తుంటే ఒక నాడు సుభద్రమ్మ చూసింది.

"మావి మూటకు నీళ్ళు పోస్తాండావేందే సుంకలమ్మా?"

మా పెద్దమ్మకు అబద్ధం చెప్పడం సరిగ్గా రాదు. "అది ఎండకూడదు కదమ్మా," అంది.

సుభద్రమ్మ తలాడించింది. "నిజమే. అది ఎండితే పాలు ఎండుతాయి. నాకు తట్టనేలేదు చూడు," అంది. మర్నాటి నుంచి పాలు పితికించి వస్తూ చెంబుతో నీళ్ళు తెచ్చి తనే పోయడం మొదలుపెట్టింది. ఎండాకాలమంతా రెడ్డిసానమ్మ ఒక్క పూట తప్పకుండా మా పెద్దమ్మ గూటీని పెంచింది. మా పెద్దమ్మ దూరంగా నిలబడి, ఆమె నీళ్ళు ఒక పక్కనే పోస్తున్నదని లోలోపల విసుక్కునేది. చెప్పడానికి నోరు లేదు.

ముంగారు వానలు దిగాయి. ఒక పొద్దున మా పెద్దమ్మ పోయి చూస్తే గోనె సందుల్లోంచి తెల్లటి వేర్లు బయటికి వచ్చి ఉన్నాయి. ఇదే కోయాల్సిన సమయం. ఇప్పుడు కోసి నాటితే వానలకు నిలదొక్కుకుంటుంది. ఆలస్యమైతే బయటికొచ్చిన వేర్లు గాలికి ఎండి చస్తాయి. కోస్తే మాత్రం మూట ఉండదు. మూట లేకపోతే చెట్టు ఉండదు, హులిగెప్పకు పని ఉండదు, సుభద్రమ్మ ముందు తనకు ముఖం ఉండదు. ఎంత గింజుకున్నా ఆమెకు దారి దొరకలేదు. దురుగప్పను అడిగింది.

"రెడ్డిసానమ్మకు చెప్పేసెయ్," అన్నాడాయన. ఆయన మాట్లాడేదే తక్కువ.

"చెప్తే చెట్టు కొడతారు."

"చెప్పకుంటే నీ మొక్క చస్తాది. నీకు ఏది కావల్ల?"

ఆమెకు రెండూ కావాలి. ఒకటి తను ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది, ఇంకొకటి దాని బిడ్డ. ఆమె ఏమీ తేల్చుకోలేక ఇంకొక గోనెపట్ట తెచ్చి, వేర్లు కనబడకుండా పాత మూట మీదనే చుట్టి వచ్చింది.

అది నాలుగు రోజులు కూడా ఆగలేదు. గాలివాన వచ్చి పై గోనెను ఊడబెరికింది. తెల్లారి మా పెద్దమ్మ తోటకు పోయేసరికి చెట్టు కింద సుభద్రమ్మ నిలబడి ఉంది, చేతిలో చెంబు అట్లాగే ఉంది. మూట చుట్టూ వేర్లు వేలాడుతున్నాయి.

"ఏందే ఇది?" అంది సుభద్రమ్మ.

మా పెద్దమ్మ దాచలేదు. గూటీ అంటే ఏమిటో చెప్పింది, కుక్కల సంగతి చెప్పింది. "హులిగెప్పను ఏమీ అనొద్దమ్మా. తప్పు నాది కూడా. నోరు మూసుకుని చూస్తా ఉంటి," అంది. ఆమె ఏడ్చిందని మా అమ్మ చెబుతుంది. నేను నమ్మలేదు కానీ మా పెద్దమ్మను అడిగితే కాదనలేదు.

సుభద్రమ్మ ముఖం ఎర్రబడింది. "అయితే ఇన్ని దినాలూ నా చేత చెట్టుకు నీళ్ళు పోయిస్తివా?"

"పోయించలేదమ్మా. మీరే పోస్తిరి."

"నా ఎనుము మావి కుక్కల పాలాయె. మరి పాలెట్ల ఇస్తాండాది?"

సుభద్రమ్మ చెంబు కింద పెట్టి కాలవ గట్టు మీద కూర్చుంది. చాలాసేపు ఆ వేర్లనే చూసింది. తర్వాత లేచి దగ్గరికి వచ్చి, ఒక వేరును వేలి కొసతో ముట్టింది.

"ఇవి నేను పోసిన నీళ్ళకే వచ్చినాయా?"

"హౌదమ్మా, మీరు పోసిన నీళ్ళే."

"ఈ తోట అంతా పంచుకునిరి. యాడ యే చెట్టు ఉండల్ల, యాడ కొట్టల్ల అని నన్ను ఒక్క మాట అడగలేదు," అంది సుభద్రమ్మ. కొంగుతో ముక్కు తుడుచుకుని, "కత్తి తెచ్చినావా?" అని అడిగింది.

"తెచ్చినా."

"కోసుకో. కోసి ఆ పక్క కొమ్మకు ఇంగోటి కట్టు. మూట రాలిందా లేదా అని మా ఆయన అడిగితే చెప్పేది నేను కదా."

మా పెద్దమ్మ కోసింది. రెండో మూట మాత్రం సుభద్రమ్మే కడతానని పట్టుబట్టింది. బెరడు ఒలవడం, పాలు తుడవడం మా పెద్దమ్మ చేసి పెట్టింది. ఆరనిచ్చి, మర్నాడు సుభద్రమ్మ బంగారు గాజులు వెనక్కు తోసుకుని మట్టి పిసికి, గోనె చుట్టి నార బిగించింది. "వదులైందమ్మా, విప్పండి," అంది మా పెద్దమ్మ. రెడ్డిసానమ్మకు ఆ ఊళ్ళో ఎవరూ అంత మాట చెప్పి ఉండరు. సుభద్రమ్మ మారుమాట లేకుండా విప్పి మళ్ళీ కట్టింది.

అప్పటి నుంచి ఆ చెట్టు మీద గోనెమూట లేని కాలం లేదు. ఒకటి కోస్తే ఇంకొకటి కట్టేవాళ్ళు. "ఆ మూట ఇంకా రాలలేదా?" అని ఇంద్రసేన రెడ్డి అప్పుడప్పుడు అడిగేవాడు. "లేదు," అనేది సుభద్రమ్మ. ఎనుము మళ్ళీ ఈనింది, దాని దూడ కూడా ఈనింది, ఆయన అడుగుతూనే ఉన్నాడు, ఆమె లేదంటూనే ఉంది. ఆయనకు తెలియదనుకునేంత అమాయకురాలిని కాను నేను. అడగడం మాననూ లేదు, గొడ్డలివాళ్ళను పిలవనూ లేదు. కొట్టేసిన సగం మెల్లగా చిగుర్లేసి కమ్ముకుంది. తమ్ముడు ఆ వైపు పండ్లు, అన్న ఈ వైపు పండ్లు తిన్నారు, హద్దు తాడు మాట ఎవరూ ఎత్తలేదు. సుభద్రమ్మ కట్టిన గూటీ ఒకటి బళ్ళారి గాంధీనగర్‌లో మా ఇంటి వెనక ఇప్పుడు నీడ ఇస్తోంది.

మా పెద్దమ్మ కోసుకున్న మొదటి మొక్క సంగతి చెప్పాలి కదా. దాన్ని ఆమె తడిగుడ్డలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తోట నుంచి గుడిసెకు నడిచి తెచ్చుకుంది. దురుగప్ప గుంత తవ్వి ఉంచాడు. గుంత లోతు చాలలేదని ఆయన్ను తిట్టి, మళ్ళీ తవ్వించి నాటింది. చేదబావి నీళ్ళు పోసింది. చెదలు రాలేదు. వస్తే ఆమె వదిలేదీ కాదు.

అది కాపుకొచ్చిన ఏడు నేను, మా అమ్మ ఆ ఊళ్ళోనే ఉన్నాం. మొదటి పండు మాగింది. మాకు పెడుతుందని నేను పక్కనే నిలబడ్డాను. సుభద్రమ్మకు పంపుతుందేమోనని మా అమ్మ అనుకుంది. మా పెద్దమ్మ ఎవరికీ పెట్టలేదు. పండు తుంచి, కొంగుతో తుడిచి, గడప మీద కూర్చుని తొక్కతో సహా నిదానంగా తినింది. అన్నేళ్ళు పండ్లు కోసి మోసిన మనిషి ఆ పండు రుచి చూడటం అదే మొదలని నాకు అప్పుడు తెలియదు.

తిని, చేతికంటిన పాలు కడుక్కుని, చెట్టు వైపు చూసి, "బాగుండాది," అంది.